వయ్యారిభామను పీకిన చోట కనకాంబరం నాటుదాం



వార్షికోత్సవ సంచికకు వ్యాసం రాయమంటే చాలామంది చదువు గురించో, క్రమశిక్షణ గురించో రాస్తారు. మేము వృక్షశాస్త్రం చదువుకున్నవాళ్ళం కాబట్టి ప్రహరీగోడ పక్కనున్న నీడ జాగా గురించి రాస్తున్నాము. దాదాపు ప్రతి సంక్షేమ హాస్టల్లోనూ ఇలాంటి జాగా ఒకటి ఉంటుంది. ఒకవైపు గోడ, పైన వేపచెట్టో కానుగచెట్టో, మధ్యలో ఆరేడు అడుగుల వెడల్పున ఎవరికీ పట్టని నేల. ఎండాకాలంలో హాస్టల్ మొత్తానికీ చల్లగా ఉండేది అక్కడే. పరీక్షల ముందు పుస్తకం పట్టుకుని కూర్చోవలసిందీ అక్కడే. కానీ ఆ చోటును వయ్యారిభామ, పులికంప, సర్కారు తుమ్మ ఆక్రమించుకున్నాయి.

ఏటా ఆగస్టు 15కు ముందు ఆ జాగాను శుభ్రం చేస్తారు. దసరా సెలవులు అయ్యి తిరిగి వచ్చేసరికి మళ్ళీ నడుమెత్తు పెరిగి ఉంటుంది. దీనికి కారణం ఏమిటి? పీకడం మనకు తెలుసు, పీకిన చోట ఏం పెట్టాలో మాత్రం ఆలోచించడం లేదు. ఖాళీగా వదిలిన నేల ఎన్నాళ్ళో ఖాళీగా ఉండదు. మనం నాటకపోతే కలుపే నాటుకుంటుంది. ఈ వ్యాసంలో మేము చెప్పదలచుకున్నది ఇదొక్కటే.

ఇవి ఎక్కడి నుంచి వచ్చాయి?

ఈ మూడూ మన నేలలో పుట్టినవి కావు. మూడూ అమెరికా ఖండాల ఉష్ణ ప్రాంతాలవి.

సర్కారు తుమ్మ కథ మన తెలుగు నేలతోనే మొదలైంది. 1877లో దీని విత్తనాలను తెప్పించి కడప ప్రాంతంలోని కమలాపురంలో నాటించారు. కరువు నేలల్లో వంటచెరకు దొరుకుతుందన్నది అప్పటి అధికారుల ఆలోచన. సర్కారు వాళ్ళు తెచ్చిన తుమ్మ కనుక ఆ పేరు నిలిచిపోయింది. పులికంపను కొందరు తలంబ్రాల మొక్క అంటారు, పుస్తకాల్లో లాంటానా అని ఉంటుంది. 1800ల తొలి ఏళ్ళలో దీన్ని అందం కోసమే కలకత్తా బొటానికల్ గార్డెనుకు తెచ్చారు. అక్కడి నుంచి అడవుల్లోకి పాకింది. వయ్యారిభామను 1955 ప్రాంతంలో పూణేలో మొదటిసారి గుర్తించారు. దిగుమతి గోధుమలతో పాటు దీని విత్తనాలు వచ్చాయని చెబుతారు. కాంగ్రెస్ గడ్డి అన్నా ఇదే.

ఇక్కడ ఒక విషయం గుర్తుంచుకోవాలి. బయటి నుంచి వచ్చిన మొక్కలన్నీ చెడ్డవి కావు. మనం రోజూ తినే మిరపకాయ, టమాట, వేరుశనగ కూడా అమెరికా ఖండాల నుంచే వచ్చాయి. పక్క మొక్కను బతకనివ్వకుండా, మనం ఆపినా ఆగకుండా వ్యాపించే మొక్కతోనే మనకు పేచీ. పుట్టిన చోటును బట్టి మొక్కనైనా మనిషినైనా తక్కువ చేయడం మన హాస్టల్ పిల్లలకు తగిన పని కాదు.

ఇవి ఎందుకు గెలుస్తున్నాయి?

వయ్యారిభామ మొలిచిన నెల రోజులకే పూతకు రాగలదు. ఒక్క మొక్క 15 వేల నుంచి 25 వేల వరకు విత్తనాలు వేస్తుంది. అవి గాలికీ, నీళ్ళకీ, మన చెప్పులకీ అంటుకుని పోతాయి. కొన్ని విత్తనాలు నేలలో ఏళ్ళ తరబడి మొలవకుండా ఉండి, వాన పడి వెలుతురు తగలగానే మొలుస్తాయి. పైగా ఈ మొక్కలో పార్థెనిన్ అనే రసాయనం ఉంటుంది. అది చుట్టుపక్కల మొక్కల ఎదుగుదలను అణచివేస్తుంది. మనుషుల్లో కొందరికి ఒంటి మీద దురద, దద్దుర్లు వస్తాయి. పుప్పొడి పీలిస్తే తుమ్ములు, ఆయాసం వస్తాయి. ఒకే హాలులో పదుల మంది పడుకునే హాస్టల్లో, కిటికీ పక్కనే ఈ మొక్క పూస్తే ఎవరికి ఇబ్బందో చెప్పనక్కర లేదు. పులికంప ఆకులు మేస్తే పశువులకు విషం.

వీటికి ఒక బలహీనత ఉంది. వయ్యారిభామ గుల్లగా తవ్వి వదిలిన నేలలో విజృంభిస్తుంది. దట్టమైన నీడలో, ఆకులతో కప్పిన నేలలో దాని మొలకలు బలహీనపడతాయి. నీడ జాగాను మొక్కలతో నింపడమే మందు అని చెప్పడానికి కారణం ఇదే.

పీకే పద్ధతి

వయ్యారిభామను పూత రాకముందే పీకాలి. వాన పడిన మర్నాడు నేల మెత్తగా ఉంటుంది కాబట్టి వేరుతో సహా వస్తుంది. కొడవలితో కోస్తే మొదలు నుంచి మళ్ళీ చిగురిస్తుంది. చేతులకు తొడుగులు గానీ, పాలిథిన్ కవర్లు గానీ వేసుకోవాలి. ముక్కుకు, నోటికి గుడ్డ కట్టుకోవాలి. నిండు చేతుల చొక్కా వేసుకోవాలి. ఆయాసం, చర్మవ్యాధి ఉన్నవాళ్ళను ఈ పనికి దూరంగా ఉంచాలి. వాళ్ళకు మొక్కలు తెచ్చే పని, లెక్క రాసే పని ఇవ్వవచ్చు. పూత లేని మొక్కలను పేడతో కలిపి గుంతలో వేస్తే ఎరువు అవుతుంది. పూసినవాటిని ఎరువు గుంతలో వేయరాదు.

పులికంపను పైపైన నరికితే రెండింతలు చిగురిస్తుంది. ఢిల్లీ విశ్వవిద్యాలయానికి చెందిన ఆచార్య సి.ఆర్.బాబు బృందం దీనికి ఒక తేలిక పద్ధతి చెప్పింది. కాండం, వేరు కలిసే చోటుకు 3 నుంచి 5 సెంటీమీటర్ల కింద, నేల లోపల వేరును నరకాలి. తీసిన పొదను తలకిందులుగా ఆరబెట్టాలి. చిగురు వేసే భాగం ఆ కలిసే చోటే ఉంటుంది కాబట్టి అది పోతే మొక్క మళ్ళీ లేవదు. సర్కారు తుమ్మ విషయంలోనూ మొదలు పెకలించాలి. దాని ముల్లు గుచ్చుకుంటే చీము పడుతుంది. గునపం, గొడ్డలి పని పెద్దవాళ్ళదే. కలుపు మందు పిచికారీని పిల్లల చేతికి ఎట్టి పరిస్థితుల్లోనూ ఇవ్వరాదు.

నీడను ఎలా చూడాలి?

మొక్కలు కొనే ముందు మూడు రోజుల పాటు ఉదయం 8 గంటలకు, మధ్యాహ్నం 12 గంటలకు, సాయంత్రం 4 గంటలకు ఎండ ఎక్కడ పడుతోందో చూసి నోటుపుస్తకంలో రాసుకోవాలి. గోడకు ఉత్తరం వైపున చలికాలమంతా నీడే ఉంటుంది. కానీ మన ప్రాంతంలో మే, జూన్, జూలై నెలల్లో మధ్యాహ్నపు సూర్యుడు కొంచెం ఉత్తరానికి జరుగుతాడు. అప్పుడు అదే చోట ఎండ పడుతుంది. ఇది తెలియక జనవరిలో చూసి నాటిన మెత్తని మొక్క మే నెలలో మాడిపోతుంది.

బంతి, గులాబీ, మందారం, తులసి ఎండ మొక్కలు. నీడలో పెడితే సాగుతాయి గాని పూలు రావు, ఆకు పలచబడుతుంది. వాటికి హాస్టల్ ముందున్న ఖాళీ స్థలం మంచిది.

ఏ మొక్కలు నాటాలి?

గోడ వైపు వెనుక వరుసలో అడ్డసరం, నందివర్ధనం బాగుంటాయి. అడ్డసరాన్ని మేకలు, పశువులు ముట్టవు. గేటు విరిగిన హాస్టళ్ళకు అంతకన్నా మంచి మొక్క లేదు. తెల్లని పూలు పూస్తుంది. కొమ్మ గుచ్చితే వస్తుంది. నందివర్ధనం ఆకులు ముదురు పచ్చగా మెరుస్తాయి, నీడలో తెల్లపూలు దూరానికి కనిపిస్తాయి. దాని పాలు కంట్లో పడకుండా చూసుకోవాలి.

మధ్య వరుస కనకాంబరానిది. ఇది దక్షిణ భారతదేశం, శ్రీలంకలకు చెందిన మొక్క. పలచని నీడలో హాయిగా పూస్తుంది. ఎండిన కాయ మీద నీటి చుక్క పడితే టప్పున పగిలి విత్తనాలు చిమ్ముతుంది. కనుక ఒకసారి నాటితే పక్కన పిల్ల మొక్కలు అవే వస్తాయి. వాటిని తీసి ఖాళీల్లో నాటుకోవచ్చు.

ముందు వరుసలో పసుపు, అల్లం, వాము ఆకు పెట్టవచ్చు. పసుపు మన హాస్టల్ క్యాలెండరుకు సరిగ్గా సరిపోయే పంట. జూన్‌లో తెరిచాక కొమ్ములు నాటితే ఎనిమిది, తొమ్మిది నెలలకు, అంటే వేసవి సెలవులకు ముందే తవ్వుకోవచ్చు. వెడల్పు ఆకులు నేలను కప్పి కలుపును మొలవనివ్వవు. చెట్టు మొదట్లో తమలపాకు తీగ పెడితే దానంతట అదే పైకి పాకుతుంది. కుళాయి నీళ్ళు నిలిచే చోట మెట్టతామర వేస్తే ఆ తేమను పీల్చుకుంటుంది.

నర్సరీలో నేలను త్వరగా కప్పేస్తుందని పచ్చని పూల వెడీలియాను చూపిస్తారు. దాన్ని తీసుకోవద్దు. ప్రపంచంలోని 100 అతి ప్రమాదకర ఆక్రమణ జాతుల జాబితాలో పులికంపతో పాటు అదీ ఉంది. ఒక దయ్యాన్ని వెళ్ళగొట్టి ఇంకొక దయ్యాన్ని పిలిచినట్లు అవుతుంది.

నాటడం, కాపాడటం

జూన్ చివర పీకి, జూలైలో నాటితే మంచిది. గోడకు ఒక అడుగు వదిలి మొదలుపెట్టాలి. నందివర్ధనానికి నాలుగు అడుగులు, అడ్డసరానికి మూడు అడుగులు, కనకాంబరానికి, పసుపుకు ఒక అడుగు ఎడం చాలు. కిటికీల కింద పొదలు పెట్టకుండా, నడిచే దారి వదలాలి. పాము ఉంటే కంటికి కనపడాలి. చెట్టు కింద లోతుగా దున్నరాదు, పెద్ద వేళ్ళు తెగుతాయి. వేళ్ళ మధ్య చిన్న గుంతలు చాలు.

రాలిన వేపాకును తగలబెట్టకుండా మొక్కల మధ్య రెండు మూడు అంగుళాల మందాన పరవాలి. తేమ ఆగుతుంది, కలుపు గింజకు వెలుతురు అందదు. వానాకాలంలో పదిహేను రోజులకు ఒకసారి అరగంట చొప్పున తిరిగి, లేచిన మొలకలను వేళ్ళతో లాగేయాలి. మొదటి ఏడు ఇది తప్పదు. మొక్కలు కమ్ముకునే కొద్దీ పని తగ్గుతుంది.

ఇక అసలు పరీక్ష వేసవి సెలవులు. వేరు పట్టిన అడ్డసరం, నందివర్ధనం కొద్ది నీటితో నిలబడతాయి. కనకాంబరానికి నీళ్ళు కావాలి. ఊళ్ళోనే ఉండే పాత విద్యార్థులు వారానికి రెండుసార్లు వంతులు వేసుకుంటే ఆ రెండు నెలలు గడిచిపోతాయి. హాస్టల్‌కు ఏదైనా చేయాలని అడిగే అన్నలకు, అక్కలకు మా విన్నపం ఇదే. గోడ మీద పేరు రాయించే విరాళం కన్నా మే నెలలో రెండు బిందెల నీళ్ళు ఎక్కువ.

చివరగా ఒక మాట

తప్పు చేసిన పిల్లవాడిని ఎండలో కలుపు పీకమనడం కొన్ని చోట్ల ఉంది. అది పోవాలి. పనిని శిక్షగా ఇస్తే పనిచేసే వాళ్ళ మీద గౌరవం పోతుంది. మనలో ఎంతమంది అమ్మలు కలుపు కూలికి వెళ్ళి మనకు పెన్నులు, పుస్తకాలు కొనిపెట్టారు! ఏ గడ్డిని ఏ వానకు తీయాలో, ఏది వేరుతో రావాలో వాళ్ళకు మా పాఠ్యపుస్తకాల కంటే ముందే తెలుసు. సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు అమ్మను అడిగి రాసుకుని రండి. ఆ చదువు కూడా చదువే.

సంక్షేమ హాస్టల్‌కు పూలు దేనికి, అన్నం ఉంటే చాలదా అని అడిగేవాళ్ళు ఉంటారు. మంచి చోట కూర్చుని చదువుకోవడం డబ్బున్న పిల్లల సొత్తేమీ కాదు. హాస్టల్ ఎక్కడ అని అడిగితే ఊళ్ళోవాళ్ళు ముళ్ళకంప గుర్తు చెప్పకుండా, కనకాంబరాల గోడ గుర్తు చెప్పే రోజు రావాలి. ఈ జూన్‌లో వాన పడిన మర్నాడు పని మొదలుపెడదాం.