ఓడితే బాస్ ముందుకు.. గెలిస్తే టీమ్ ముందుకు: శ్రీహరికోట చెప్పే ఆఫీస్ పాఠం

ఆదివారం సాయంత్రం అయ్యేసరికి సోమవారం గుర్తొచ్చి గుండెల్లో రాయి పడుతోందా? చాలామందిని పని కంటే ఎక్కువగా భయపెట్టేది మరొకటి ఉంది. ఏదైనా తేడా వస్తే ఎవరి మెడకు చుట్టుకుంటుందోనన్న టెన్షన్. ఈ భయం పోతేనే పనిలో సంతోషం ఉంటుంది. అదెలాగో చెప్పే ఉదాహరణ మన తీరంలోనే ఉంది.

ఆ రోజు ఏం జరిగింది?

1979 ఆగస్టు 10. శ్రీహరికోట అప్పట్లో నెల్లూరు జిల్లాలో ఉండేది (2022 నుంచి తిరుపతి జిల్లాలోకి వచ్చింది). దేశంలో తయారైన ఉపగ్రహ వాహక నౌక ఎస్‌ఎల్‌వీ-3 తొలి ప్రయోగం అది. ప్రాజెక్ట్ డైరెక్టర్ ఏపీజే అబ్దుల్ కలామ్. కౌంట్‌డౌన్ చివర్లో కంప్యూటర్ ప్రయోగాన్ని ఆపమని సూచించింది. అయినా ముందుకు వెళ్లాలని నిర్ణయం తీసుకున్నది తానేనని కలామ్ తర్వాత చాలాసార్లు చెప్పారు. రెండో దశలో కంట్రోల్ దెబ్బతింది. రాకెట్ బంగాళాఖాతంలో పడిపోయింది.

కాసేపట్లో ప్రెస్ మీట్. విమర్శలు తప్పవని అందరికీ తెలుసు. కానీ మైకు ముందుకు వెళ్లింది ఇస్రో ఛైర్మన్ సతీష్ ధావన్. వైఫల్యానికి బాధ్యత తనదేనన్నారు. తన టీమ్‌పై నమ్మకం ఉందని, ఏడాదిలోగా సాధిస్తామని చెప్పారు.

1980 జులై 18న అదే సాధించారు. 35 కిలోల రోహిణి ఉపగ్రహం కక్ష్యలోకి చేరింది. ఈసారి ధావన్ పక్కకు తప్పుకుని, ప్రెస్ మీట్ మీరే పెట్టండని కలామ్‌కు అప్పగించారు. 2002లో శ్రీహరికోట కేంద్రానికి ధావన్ పేరే పెట్టారు.

దీని వల్ల లాభం ఏంటి?

బాస్ మంచివాడు కావడం ఒక్కటే కాదు ఇక్కడ విషయం. తిట్లు పడవని తెలిస్తేనే మనుషులు నిజం చెబుతారు. అమెరికా పరిశోధకురాలు ఏమీ ఎడ్మండ్‌సన్ 1990ల్లో ఆస్పత్రుల్లో దీన్నే గమనించారు. బాగా పనిచేసే టీమ్‌లలోనే తప్పులు ఎక్కువగా నమోదవుతున్నాయి. అంటే వాళ్లు ఎక్కువ తప్పులు చేస్తున్నారని కాదు, దాచకుండా చెబుతున్నారని!

కృష్ణపట్నం పోర్టు అయినా, శ్రీసిటీ ఫ్యాక్టరీ అయినా, రొయ్యల ప్లాంట్ అయినా లెక్క ఒక్కటే. నైట్ షిఫ్ట్‌లో అమోనియా వాసన వస్తోందని ఒక వర్కర్‌కు అనుమానం వచ్చిందనుకోండి. "నీకెందుకు, నీ పని చూసుకో" అనే సూపర్‌వైజర్ ఉంటే ఆ మాట గొంతులోనే ఆగిపోతుంది. తర్వాత పోయేది ప్రాణాలే.

అలాగని తప్పును వదిలేయాలా?

అస్సలు కాదు. ఇస్రోలో ప్రయోగం విఫలమైతే కమిటీ వేసి కారణం తేలుస్తారు. అక్కడ వెతికేది ఎక్కడ తప్పింది, ఎలా సరిచేయాలి అని. 2019లో చంద్రయాన్-2 ల్యాండర్ కూలిపోయింది. ఆ లోపాలు చూసుకుని, ఏమేం చెడిపోవచ్చో ముందే ఆలోచించి చంద్రయాన్-3ని తయారుచేశారు. 2023 ఆగస్టు 23న అది చంద్రుడిపై దిగింది.

మీ ఆఫీసులో ఏం చేయొచ్చు?

* తేడా వస్తే "ఎవరు చేశారు?" అని కాకుండా "ఎలా జరిగింది?" అని మొదలుపెట్టండి.
* తిట్టాల్సి వస్తే గదిలో, మెచ్చుకోవాల్సి వస్తే అందరి ముందు.
* పై అధికారి దగ్గర రిపోర్ట్ ఇచ్చేటప్పుడు పని చేసినవాళ్ల పేర్లు చెప్పండి.
* చెడు వార్త తెచ్చినవాళ్లకు ముందు థాంక్స్ చెప్పండి. లేదంటే రెండోసారి తీసుకురారు.
* మీరు బాస్ కాకపోయినా సరే. పక్క సీటు వాళ్ల తప్పును గ్రూపులో పెట్టకుండా వాళ్లకే చెప్పండి.

ఒక్క మాట మాత్రం గుర్తుంచుకోవాలి. సకాలంలో జీతం, సరైన పనిగంటలు, వారానికో సెలవు లేనిచోట బర్త్‌డే కేకులు, మోటివేషన్ క్లాసులు పనిచేయవు. వేధింపులను సర్దుకుపోవాల్సిన పనీ లేదు. 2013 చట్టం ప్రకారం పది మంది, అంతకన్నా ఎక్కువ మంది పనిచేసే ప్రతిచోటా మహిళలపై లైంగిక వేధింపుల ఫిర్యాదులకు అంతర్గత కమిటీ ఉండి తీరాలి. మీ ఆఫీసులో ఆ కమిటీలో ఎవరున్నారో ఈరోజే అడిగి తెలుసుకోండి.