క్షణికమైన కొవ్వులను పట్టిచ్చిన పరికరం

గాయమైనచోటనో, సూక్ష్మజీవి చొరబడినచోటనో ఎరుపు, వేడి, వాపు, నొప్పి రూపంలో బయటపడే శరీర రక్షణ చర్యను శోథ అంటారు. దీన్ని నడిపించే రసాయనాలలో ప్రధానమైనవి కొన్ని రోగనిరోధక కణాల పొరలోని కొవ్వు నుంచే పుడతాయి. కణాలు వీటిని ముందుగా నిల్వ చేసుకోవు. అవసరం పడినప్పుడు అప్పటికప్పుడు తయారుచేస్తాయి, కొద్దిసేపటికే అవి నశించిపోతాయి. కొన్నిటి ఆయుష్షు నిమిషానికి మించదు కనుక, పదార్థాన్ని వేరుచేసి, శుద్ధిచేసి పరీక్షించే మామూలు రసాయన పద్ధతులకు అవి చాలాకాలం చిక్కలేదు. వాటి జాడను పట్టిచ్చినది సజీవ కండరపు ముక్కలతో కూర్చిన ఒక పరికరం.

కండరాన్ని ద్రవంలో ముంచి ఉంచే పాత పద్ధతికి బదులు, దానిపై ద్రవం ధారగా జారేటట్లు చేసే ఏర్పాటును జాన్ గాడమ్ 1953లో వర్ణించాడు. లండన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ సర్జన్స్‌లో పనిచేస్తున్న జాన్ వేన్ 1964 నాటికి దాన్ని విస్తరించి, ఎలుక జీర్ణాశయపు పట్టీ, కోడిపిల్ల పురీషనాళం వంటి అనేక కండరాలను ఒకదాని కింద ఒకటిగా వేలాడదీశాడు. రక్తమో, ఒక అవయవం గుండా వచ్చిన ద్రవమో పై కండరాన్ని తడిపి కిందిదానిపైకి జారుతుండగా, ఒక్కొక్క కండరం ముడుచుకోవడాన్ని, సడలడాన్ని కలం కదిలే కాగితంపై గీస్తుంది. ఒక్కొక్క పదార్థానికి ఒక్కొక్క కండరం వేర్వేరుగా స్పందిస్తుంది కనుక, ఆ గీతలన్నిటినీ కలిపి చదివితే వచ్చినదేమిటో ఊహించవచ్చు. పుట్టిన పదార్థం సెకన్లలోనే కండరాన్ని తాకడం ఈ అమరికలోని అసలు బలం.

ఆ బలం 1969లో రుజువైంది. గుడ్డు తెల్లసొనలోని ప్రోటీనుకు అలర్జీ కలిగించిన గినీ పందుల ఊపిరితిత్తులలోకి ప్రిసిల్లా పైపర్, వేన్ అదే ప్రోటీనును మళ్లీ పంపగా, వెలువడిన ద్రవం కుందేలు బృహద్ధమని పట్టీని ముడుచుకునేలా చేసింది. అందుకు కారణమైన పదార్థం కొద్ది నిమిషాలలోనే నశించిపోయేది. ఆస్పిరిన్ ఇస్తే అసలు వెలువడేదే కాదు. ఈ సూచనను పట్టుకుని వేన్ 1971లో, 20 కార్బన్ పరమాణువులున్న అరాకిడోనిక్ ఆమ్లమనే కొవ్వు ఆమ్లం నుంచి ప్రోస్టాగ్లాండిన్లనే శోథ రసాయనాలు తయారు కాకుండా ఆస్పిరిన్ అడ్డుకుంటుందని చూపాడు. 1899 నుంచి అమ్ముడవుతున్న మందు ఎలా పనిచేస్తుందో అలా తేలింది.

అయితే ఈ పరికరం పదార్థం చేసే పనిని చూపగలదే కాని, దాని నిర్మాణాన్ని చెప్పలేదు. ఆ పని అణువును ముక్కలుచేసి తూచే మాస్ స్పెక్ట్రోమీటర్‌ది. దాని సాయంతో స్వీడన్‌లో బెంగ్ట్ సామ్యుయెల్సన్ బృందం, బృహద్ధమనిని ముడిచిన పదార్థంలో ప్రధానమైనది థ్రాంబాక్సేన్ ఎ2 అని 1975లో నిర్ధారించింది. శరీర ఉష్ణోగ్రత వద్ద దానిలో సగం దాదాపు 30 సెకన్లలోనే మాయమవుతుంది. మరుసటి ఏడాది వేన్ బృందం కండరాల వరుసతోనే ఇదే కోవకు చెందిన ప్రోస్టాసైక్లిన్‌ను కనుగొంది. తెల్ల రక్తకణాలు తయారుచేసే ల్యూకోట్రయీన్లకు సామ్యుయెల్సన్ 1979లో పేరు పెట్టాడు. వీటిలో కొన్ని శ్వాసనాళాలను బిగిస్తాయి, ఒకటి మరిన్ని తెల్ల కణాలను గాయం దగ్గరకు రప్పిస్తుంది. ఈ కృషికి, ప్రోస్టాగ్లాండిన్లను పరిశోధించిన సూనే బెర్గ్‌స్ట్రోమ్‌తో పాటు సామ్యుయెల్సన్, వేన్‌లకు 1982లో నోబెల్ బహుమతి లభించింది.

కండరాల వరుస స్థానాన్ని నేడు చాలావరకు సూక్ష్మ రసాయన విశ్లేషణ ఆక్రమించింది. ఆ వరుసతో మొదలైన అన్వేషణ వల్ల మాత్రం, ఒకే కొవ్వు ఆమ్లం ఏ కణంలో ఏ ఎంజైము చేతిలో పడితే ఆ విధంగా మారుతుందని స్పష్టమైంది. 1984లో వెల్లడైన లిపాక్సిన్లు అదే ఆమ్లం నుంచి పుట్టి శోథను చల్లార్చుతాయి. జీర్ణాశయపు లోపలి పొరను కాపాడేవి కూడా ప్రోస్టాగ్లాండిన్లే కనుక, వాటి తయారీని ఆపే ఆస్పిరిన్ కడుపులో పుండ్లకు దారితీయవచ్చు. కాబట్టి ఈ కొవ్వులన్నిటినీ గంపగుత్తగా ఆపడం చికిత్స కాదు. ఏ దశలో దేన్ని ఆపాలో, దేన్ని సాగనివ్వాలో తేల్చుకోవడమే చికిత్స.