గిరి గీయు విద్య

హైదరాబాదు పొలిమేరలలో ఇంటిస్థలము కొనదలచిన గృహస్థు పూర్వము బాట వెడల్పును, బావినీటి రుచిని, పొరుగువారి మంచిచెడ్డలను విచారించెడివాడు. నేడు అన్నిటికంటె ముందుగా ఆ స్థలము ఏ చెరువు ఎఫ్‌టీఎల్‌లో నున్నది, ఏ బఫర్ జోనులో పడుచున్నది అని అడుగుచున్నాడు. ఎఫ్‌టీఎల్ అనగా చెరువు పూర్తిగా నిండిననాడు నీరు వ్యాపించెడి హద్దు. బఫరు అనగా ఆ హద్దునుండి వెలుపలికి ఇంత దూరమని కొలిచి విడిచిన రక్షణభూమి. 2012 నాటి భవననిర్మాణ నిబంధనల ప్రకారము 10 హెక్టారులకు తక్కువకాని చెరువులకు ఆ దూరము 30 మీటరులు. అంతకంటె చిన్న చెరువులకును కుంటలకును 9 మీటరులు. పల్లెపిల్లలు గోళీలాటకు నేలపై గిరి గీసి లోపలిదేదో వెలుపలిదేదో తేల్చుకొనునట్లే ప్రభుత్వములును భూమిపై గిరులు గీయుచున్నవి. అయితే నేడు వానిని గీయునది చేతికఱ్ఱ కాదు. జీఐఎస్ అని జనులు పిలిచెడి భౌగోళిక సమాచార వ్యవస్థ. ఒక్క గిరితో తృప్తి చెందక, ఒకే చెరువు చుట్టును, ఒకే కర్మాగారము చుట్టును వరుసగా మూడు, నాలుగు, పది గిరులు గీసెడి పద్ధతిని గూర్చి నాలుగు మాటలు చెప్పదలచితిని. ఏలయన ఆ గీతల నడుమ మనుష్యుల ఇండ్లును, పొలములును, ఒక్కొక్కవేళ ప్రాణములును ఉన్నవి.

జీఐఎస్ పటములో లోకమంతయు సాధారణముగా మూడు రూపములకు లొంగును: బావి, బడి, ఆసుపత్రి వంటివి బిందువులు, ఏరు, బాట, విద్యుత్తు తీగ వంటివి గీతలు, చెరువు, అడవి, గ్రామము వంటివి క్షేత్రములు. బిందువు చుట్టు సమదూరమున గీసినచో వృత్తమేర్పడుననుట బడిపిల్లవానికిని తెలిసినదే. గీత చుట్టు గీసినచో రెండు కొనలయందును గుండ్రముగా ముగిసిన పొడవైన పట్టీ వచ్చును. ఈ విద్యలోని సొగసంతయు చెరువు చుట్టు గీయుటయందు కలదు. ఒక నాణెము నడిబొడ్డున సూది గ్రుచ్చి, ఆ సూదిమొన చెరువు హద్దును వదలకుండ చుట్టివచ్చునట్లు నాణెమును నడిపించినచో, నాణెపు అంచు వెలుపలివైపున తాకిన కడపటి చోటులన్నియు కలిసి ఏ గీత యగునో అదియే బఫరు. నాణెము చిన్నదైనచో చెరువుయొక్క వంపులును మూలలును ఆ గీతలోకూడ కనబడును. నాణెమునకు మారు పెద్ద పళ్ళెమును త్రిప్పినచో సన్నని పాయల నడిమి ఖాళీలు పూడిపోవును. దూరము పెరిగినకొలది చెరువు తన రూపమును మరచి గుండ్రదనమునకు చేరువ యగుచుండును.

క్యూజీఐఎస్ అను ఉచిత సాఫ్ట్‌వేరులోను, ఆర్క్‌జీఐఎస్ అను వాణిజ్య సాఫ్ట్‌వేరులోను దీనికై ప్రత్యేకమైన పరికరములు కలవు. మొదటిది వలయములెన్ని, ఒక్కొక్క వలయపు వెడల్పెంత అని మాత్రమే అడుగును. రెండవదానికి 1, 3, 10 కిలోమీటరులు అన్నట్లు విషమదూరములనుకూడ వరుసగా చెప్పవచ్చును. ఇక్కడనే వినియోగించువాడు ఒక విషయమును ఆలోచింపవలెను: తనకు కావలసినవి ఒకదానిపై నొకటి పేర్చిన అట్లవంటి నిండు బిళ్ళలా, నడుమ రంధ్రమున్న గారెలవంటి వలయములా? అట్లను పేర్చినచో లోపలి గ్రామము ప్రతి అట్టులోను మరల మరల లెక్కకు వచ్చును. గారెలైనచో ఒక గ్రామము ఒక్క వలయమునకే చెందును.

సమానమైన వెడల్పుగల వలయములను ఒక బిందువు చుట్టు గీసినప్పుడు వాని వైశాల్యములు 1, 3, 5, 7 అను బేసిసంఖ్యల నిష్పత్తిలో పెరుగును. ఇది చూచుటకు మనోహరమైన గణితము. మరచినవానికి మాత్రము ఉచ్చు. ఆసుపత్రికి 1 కిలోమీటరు లోపల 4 బడులును, 1 నుండి 2 కిలోమీటరుల వరకు 12 బడులును ఉన్నవని పట్టిక చూపినప్పుడు, దూరము పోయినకొలది బడులు పెరుగుచున్నవని తొందరపాటున చెప్పువారిని నేనెరుగుదును. రెండవ వలయము మొదటిదానికి మూడురెట్లు పెద్దది, బడులును మూడురెట్లే, కనుక రెండుచోట్లను సాంద్రత యొక్కటియే.

రెండు జలాశయములు ఇరుగుపొరుగున ఉన్నచో మరియొక చిక్కు వచ్చిపడును. 1908 నాటి మూసీ వరద తరువాత హైదరాబాదు రక్షణకై మూసీపై ఉస్మాన్ సాగరును, ఈసీపై హిమాయత్ సాగరును నిర్మించిరి. మొదటిది 1920లోను రెండవది 1927లోను పూర్తియైనవి. ఆ నీటిని కాపాడుటకు 1996 మార్చి 8వ తేదీన వెలువడిన 111వ జీవో ఈ జలాశయములకు 10 కిలోమీటరుల పరిధిలో కాలుష్యము కలిగించు పరిశ్రమలను, పెద్ద హోటళ్ళను, నివాసకాలనీలను నిషేధించినది. 84 గ్రామములు దాని క్రిందికి వచ్చినవి. ఈ రెండిటి నడిమి దూరము 10 కిలోమీటరులకు లోబడినదే గనుక, దేని వలయమును దానికే గీసినచో నడుమనున్న గ్రామములు రెండుమారులు లెక్కింపబడును. ఒకే గ్రామము ఒకదానికి సమీపవలయమునను, వేరొకదానికి దూరవలయమునను పడి ఏ రంగు పూయవలెనో తెలియక పటము కలగాపులగ మగును. అందుచేత వలయములను సాఫ్ట్‌వేరుచేత కరగించి యేకము చేయింతురు. అప్పుడు ప్రతిగ్రామమునకును తనకు దగ్గరగా ఉన్న జలాశయపు దూరమే ప్రమాణమగును.

తొలిదినములలో నేనొకసారి ఈ జలాశయములకు 10 అని దూరమిచ్చి మీట నొక్కితిని. క్షణములో ఒక మహావృత్తము లేచి దక్షిణమున జాఫ్నాను, ఉత్తరమున ఆగ్రాను తన కడుపులో నిముడ్చుకొన్నది. పటము అక్షాంశరేఖాంశములలో నుండుటచేత ఆ యంత్రము నా 10ని కిలోమీటరులుగా గాక డిగ్రీలుగా గ్రహించినది. అంత పెద్ద తప్పు కంటికి వెంటనే తగులును గనుక ప్రమాదము లేదు. ప్రమాదము చిన్నతప్పులలోనే యున్నది. హైదరాబాదువద్ద ఒక డిగ్రీ అక్షాంశము సుమారు 111 కిలోమీటరులు కాగా, ఒక డిగ్రీ రేఖాంశము 106 మాత్రమే. కనుక కిలోమీటరులను డిగ్రీలలోకి లెక్కగట్టి యిచ్చినను వృత్తము నేలపై నిజముగా వృత్తము కాదు, తూర్పుపడమరలుగా నొక్కుకొనిపోవును. ముందుగా పటమును మీటరులలో కొలిచెడి ప్రక్షేపములోనికి, హైదరాబాదు విషయమున యూటీఎం 44వ ఉత్తరమండలములోనికి, మార్చుకొనుట విధి. క్యూజీఐఎస్‌లోని సాధారణ బఫరు పరికరము, మనము మార్చనంతవరకు, పాదవృత్తమును 5 సరళరేఖలతో గీయును. అనగా బిందువు చుట్టు మనము వృత్తమనుకొన్నది 20 భుజముల ఆకృతి. 10 కిలోమీటరుల వ్యాసార్ధమునకు వృత్తవైశాల్యము 314 చదరపు కిలోమీటరులు. ఆ ఆకృతికి 309 మాత్రమే. ఐదు చదరపు కిలోమీటరులలో ఒక ఊరు ఉండవచ్చును.

ఈ గిరులు మానవజీవితమును ఎంతవరకు శాసింపగలవో 2011 మార్చి 11వ తేది రాత్రి జపానుదేశము చూచినది. ఆనాటి మధ్యాహ్నము భూకంపమును, దానివెంట సునామీయును వచ్చి ఫుకుషిమా దైచీ అణువిద్యుత్కేంద్రమును చీకటిలో ముంచగా, రాత్రి 8 గంటల 50 నిమిషములకు ఆ ప్రాంతపాలకులు 2 కిలోమీటరుల గిరి గీసి అందలి జనులను వెడలిపొమ్మనిరి. అరగంట గడచిన పిమ్మట కేంద్రప్రభుత్వము దానిని 3 కిలోమీటరులు చేసి, 10 కిలోమీటరుల వరకు ఉన్నవారిని ఇండ్లలోనే ఉండుమని ఆజ్ఞాపించినది. మరునాటి తెల్లవారుజామున వెడలిపోవలసిన గిరి 10 అయ్యెను, సాయంకాలమునకు 20 అయ్యెను. 15వ తేదీన 20కిని 30కిని నడుమనున్నవారు ఇల్లు కదలరాదనిరి. ఐదు దినములలో ఐదు గిరులు! సముద్రతీరముననున్న కేంద్రము గనుక ప్రతి వలయమునందును తూర్పుసగము నీరే.

ఆ గిరులను గీసినవారిని నిందించుటకు నా మనస్సొప్పదు. విద్యుత్తు లేదు, కొలిచెడి పరికరములు అనేకము మూగవోయినవి, లోపల ఏమి జరుగుచున్నదో ఎవరికిని స్పష్టముగా తెలియదు. అట్టి రాత్రి నిశ్చయముగా చెప్పదగినది దూరమొక్కటియే, ఎవరు లోపలివారో ఎవరు వెలుపలివారో ఒక్కమాటలో చెప్పగలిగినది వలయమొక్కటియే. కాని గాలికి వలయము తెలియదు. 15వ తేదీన గాలి వాయవ్యమునకు మరలినది. వానయు మంచును కురిసి, కేంద్రమునుండి వెలువడిన రేడియోధార్మిక రేణువులను నేలకు దించినవి. కేంద్రమునకు సుమారు 40 కిలోమీటరుల దూరముననున్న ఈతతే గ్రామము, దాదాపు అంతయు గిరులకు వెలుపల నుండియు, లోపలి అనేక స్థలములకంటె ఎక్కువగా కలుషితమైనది. గిరి లోపలినుండి తరలివచ్చిన నామీయె పట్టణవాసులు వాయవ్యముననున్న త్సుషిమాలో తలదాచుకొని కొన్నిదినములు గడపిరి. తమతో గాలియు అటే నడచుచున్నదని వారికి తెలియదు. గాలినిబట్టి వ్యాప్తిని గణించెడి వ్యవస్థ ఆ దేశమున లేకపోలేదు, దాని పటములు సకాలమున ప్రజలకు చేరలేదు. ఏప్రిల్ 22వ తేదీన, ఏటికి 20 మిల్లీసీవర్టుల రేడియేషను కొలతను ఆధారము చేసికొని, ఈతతేనుకూడ ఖాళీచేయవలసిన ప్రాంతముగా ప్రకటించిరి. నాటి పటములో వలయములప్రక్కన, వాయవ్యమునకు చాచిన నాలుకవంటి ఆకృతి యొకటి చేరినది. అది గిరి కాదు, కొలిచి తెలిసికొన్న నిజము.

ఆ నాలుకను చూచినప్పటినుండి మన జలాశయముల వలయము నాకు వేరుగా కనబడుచున్నది. మూసీ పుట్టునది వికారాబాదు వద్దనున్న అనంతగిరి కొండలలో, 10 కిలోమీటరుల గిరికి ఎంతో ఆవల; అక్కడ పడిన చినుకు ఉస్మాన్ సాగరునకు చేరును, ఆనకట్టకు దిగువన ఒక్క కిలోమీటరులో పడిన చినుకు చేరదు. 2022 ఏప్రిల్‌లో వచ్చిన 69వ జీవో పూర్వనిషేధములను సడలించిన తరువాత 10 కిలోమీటరులు ఎక్కువా తక్కువా అను వాదమే విస్తారముగా సాగినది. నీరు ఎక్కడినుండి వచ్చుచున్నదను ప్రశ్నకు అంత చోటు దొరకలేదు, అది నాకు బాధాకరము. నేలయొక్క ఎత్తుపల్లములనుబట్టి పరీవాహకక్షేత్రమును గీసెడి పరికరముకూడ అదే సాఫ్ట్‌వేరులో నున్నది. నేను వలయములను లేతనీలిరంగునను, పరీవాహకమును ఆకుపచ్చరంగునను గీసి ఒకదానిపై నొకటి పరచితిని. తూర్పున నీలిరంగు ఒంటరిగా మిగిలినది. పడమట ఆకుపచ్చ వలయములన్నిటిని దాటి, పొలములమీదుగా, వాగులవెంట, అనంతగిరి చెట్లలోనికి పోయినది.