కుప్పం అంగట్లో మూడు భాషలు: మన బ్రెయిన్ నిజంగా మల్టీటాస్కింగ్ చేస్తుందా?

ముందు ఒక చిన్న టెస్ట్. ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకోండి. 1 నుంచి 6 దాకా పైకి చెప్పండి, ఆ తర్వాత అ నుంచి ఊ దాకా. టైమ్ చూసుకోండి. ఇప్పుడు రెండూ కలిపి: 1 అ, 2 ఆ, 3 ఇ... అలా. చెప్పింది అంతే, కానీ టైమ్ ఎక్కువ పట్టింది కదా? ఆ ఎక్స్‌ట్రా టైమే స్విచ్ కాస్ట్.

1927లోనే ఆర్థర్ జెర్సిల్డ్ అనే అమెరికన్ సైకాలజిస్ట్ కూడికలు, తీసివేతలు మార్చి మార్చి చేయించి దీన్ని కొలిచాడు. 1995లో రోజర్స్, మాన్సెల్ ఇంకో మాట తేల్చారు: తర్వాత ఏ పని వస్తుందో ముందే తెలిసినా, రెడీ అవడానికి టైమ్ ఇచ్చినా ఈ కాస్ట్ తగ్గుతుంది, పూర్తిగా పోదు. ఎందుకంటే నుదుటి వెనకున్న ప్రీఫ్రాంటల్ కార్టెక్స్ కొత్త పని రూల్స్ తెచ్చుకోవాలి, పాత రూల్స్‌ని అణచిపెట్టాలి. పాతవి అంత ఈజీగా పోవు.

మాది మదనపల్లె. మొన్న బైక్‌లో పుంగనూరు మీదుగా కుప్పం పోయినా. ఒకపక్క తమిళనాడు, ఒకపక్క కర్ణాటక ఉన్న ఊరు. అక్కడ ఒక అంగట్లో ఆయన ఒకరిని "ఏం గావల్ల?" అంటాడు, పక్కనే "ఎన్న వేణుం?", వెంటనే "ఏను బేకు?". చూసేవాళ్లకి కష్టమే కనిపించదు. కానీ 1999లో మ్యూటర్, ఆల్‌పోర్ట్ రెండు భాషలొచ్చినవాళ్లతో అంకెలు చదివించారు. అంకె వెనక రంగు మారితే భాష మార్చాలి. రెండో భాషలోకి పోవడం కన్నా, బాగా వచ్చిన సొంత భాషలోకి తిరిగి రావడమే లేట్ అయింది! రివర్స్‌గా ఉంది కదా? వాళ్లు చెప్పిన కారణం ఇదీ: బలమైన భాషని గట్టిగా తొక్కిపెడితేనే రెండోది బయటికొస్తుంది. తొక్కిపెట్టింది మళ్లీ లేవడానికి టైమ్ పడుతుంది.

అంగడాయన్ని అడిగితే, "మాటలదేముంది సామీ, బిల్లు కూడేటప్పుడు ఎవరన్నా పలకరిస్తే మాత్రం మళ్లీ మొదట్నించీ కూడాల్సిందే" అన్నాడు. నేను కోడ్ రాసే రోజుల్లో చాట్ మెసేజ్ వచ్చిన ప్రతిసారీ నాకూ ఇదే కథ.

తిరిగొచ్చేటప్పుడు పుంగనూరు దాటినాక హ్యాండిల్‌కి తగిలించిన ఫోన్ మోగింది. చూసినా. గంటకి 60 కిలోమీటర్ల స్పీడ్‌లో రెండు సెకండ్లంటే 33 మీటర్లు. తలెత్తేసరికి ముందు టమాటా లారీ బ్రేక్ లైట్లు వెలుగుతున్నాయి. కళ్లు రోడ్డు మీదికొచ్చినాయి గానీ బుర్ర ఇంకా మెసేజ్‌లోనే ఉంది. చెయ్యి బ్రేక్ మీదికి పోయేలోపు బండి మట్టిలోకి దిగిపోయింది. పడలేదు, అంతే.

ఆ మెసేజ్ రీఛార్జ్ ఆఫర్. ఇప్పుడు బండెక్కితే ఫోన్ బ్యాగ్‌లోనే. మీకు టెస్ట్‌లో ఎన్ని సెకండ్లు ఎక్కువొచ్చిందో చెప్పండి.