పెద్దల గొంతు మనకు అమానత్

సంపూర్ణ ఖుర్ఆన్ పారాయణం తొలిసారిగా ఈజిప్టులో రికార్డయింది. ప్రఖ్యాత ఖారీ షేక్ మహమూద్ ఖలీల్ అల్ హుసరీ గళంలో అది 1961లో వెలువడింది. అప్పట్లో అందుకు స్టూడియో కావలసి వచ్చింది. నేడు మన పెద్దల తిలావత్‌ను, నాత్‌లను భద్రపరచడానికి ఇంట్లోని కంప్యూటర్, ఒక మైకు చాలు.

ముందు గదిని చూసుకోవాలి. ఖాళీ గోడలకు తగిలి గొంతు ప్రతిధ్వనిస్తుంది. తలుపులు మూసి, ఫ్యాన్ ఆపి, చుట్టూ బొంతలు, దుప్పట్లు వేలాడదీస్తే అది తగ్గుతుంది. మైకు నోటికి జానెడు దూరంలో, కాస్త పక్కకు ఉండాలి. సూటిగా ఎదురుగా ఉంటే 'ప', 'బ' పలికినప్పుడు గాలి తగిలి టప్పుమంటుంది.

ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ 2000 నుంచి లభిస్తోంది. మొదట ఐదు సెకన్లు మౌనంగా రికార్డు చేయండి. ఆ భాగాన్ని నమూనాగా చూపితే అటువంటి హోరును అది తగ్గిస్తుంది. అసలు ప్రతిని వేవ్ ఫైలుగానే రెండు చోట్ల దాచండి. ఎంపీత్రీగా మారిస్తే కొంత ధ్వని శాశ్వతంగా పోతుంది. బంధువులకు పంపడానికి మాత్రం అది చాలు.

ఒక జాగ్రత్త. తిలావత్‌లో కత్తిరింపులు చేసేటప్పుడు మద్ తగ్గిందో, తజ్వీద్ దెబ్బతింటుంది. దానికి సంగీతం జోడించరాదు. అలాగే, నానీమా ఇంటివారి కోసం చదివిన నాత్‌ను ఆమె అనుమతి లేకుండా నలుగురికీ పంపడం తగదు. ఆ గొంతు మనకు అప్పగించిన అమానత్.

పెద్దలు మన మధ్య ఉండగానే ఈ పని చేసుకుందాం. అల్లాహ్ మన సంకల్పాన్ని స్వీకరించుగాక! ఆమీన్.