పెరటిలో పెద్ద గెనుసుగడ్డలు

రాయలసీమవారు గెనుసుగడ్డ అనియు, కోస్తావారు చిలగడదుంప అనియు పిలుచు దుంపను ఇక్కడి కన్నడిగులు గెణసు అందురు. పేరేదైనను, పెరటిలో తీగను పెంచుట సులభము. దుంపను లావుగా ఊరించుటలోనే నేర్పు కలదు.

పురుగు పట్టని తీగ కొనలను 20–30 సెంటీమీటర్ల ముక్కలుగా కోయవలెను. గుల్లచేసిన మట్టిని అడుగు ఎత్తు బోదెలుగా పోసి, బోదెల నడుమ 60, మొక్కల నడుమ 30 సెంటీమీటర్ల ఎడముంచి, రెండు మూడు కణుపులు మట్టిలో ఉండునట్లు నాటవలెను. బాగుగా చివికిన పశువుల ఎరువు మేలు. యూరియా ఎక్కువైనచో తీగలు ఏపుగా పెరిగి దుంపలు చిక్కిపోవును. ప్రాకిన తీగలను అప్పుడప్పుడు ఎత్తి తిప్పవలెను. లేనిచో కణుపులు వేళ్ళూని, బలము పిల్లదుంపల పాలగును.

నాలుగు నెలలకు ఒక దుంపను కోసి చూడవలెను. కోతపై పాలు తెల్లగా ఆరినచో దుంప ముదిరినట్లు. ముదురు ఆకుపచ్చకు మారినచో మరికొన్ని దినములు ఆగవలెను. ఇంకను లావెక్కునని నెలల తరబడి ఉంచరాదు. దుంప ఊరి నేల బీటలువారినప్పుడు ఆ సందులగుండా ముక్కుపురుగు దిగును. కనుక బీటలను మట్టితో పూడ్చవలెను. పురుగు తొలిచిన దుంపలో చేదుతోపాటు విషపదార్థములు పుట్టును. దానిని తినరాదు, వీథిలోని ఆవులకును వేయరాదు.

గునపము తగులకుండ, మొదలుకు దూరముగా త్రవ్వవలెను. దుంపలను కడుగక, వారము దినములు వెచ్చని నీడలో ఉంచినచో గాయములు మానును, తీపి హెచ్చును. పచ్చిదుంపలను ఫ్రిజ్‌లో ఉంచరాదు.