గేరు పడకపోతే తప్పు గేర్‌బాక్స్‌దేనా?

మా బాబాయికి ఒక టిప్పర్ ఉంది. అనకాపల్లి దగ్గర క్వారీ నుంచి కంకర తోలుతుంటాడు. క్లచ్ పెడల్ లేని బండి, గేర్లు అవే మారతాయి. పోయిన వేసవి సెలవుల్లో దానికో జబ్బు పట్టుకుంది. లోడుతో ఎత్తు ఎక్కుతుంటే న్యూట్రల్‌లోకి వచ్చి అక్కడే ఆగిపోయేది. ఇంజిన్ ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే మామూలే. ఒక షెడ్డులో చూపిస్తే "గేర్‌బాక్స్ దించాలి" అన్నారు. దించితే బండి ఆగుతుంది, ఈఎంఐ ఆగదు. బాబాయికి నిద్ర లేదు.

నేను సీఎస్ఈ, గేర్ల గురించి తెలీదు. కానీ రీస్టార్ట్ చేస్తే పనిచేస్తోందంటే డౌటొచ్చింది. విరిగిన గేరు పళ్లు రీస్టార్ట్‌తో అతుక్కోవు కదా!

ఈ రకం బండిని ఏఎంటీ అంటారు. లోపల ఉన్నది మామూలు గేర్‌బాక్సే, క్లచ్ కూడా ఉంటుంది. డ్రైవర్ కాలూ చెయ్యీ చేసే పనిని కంప్యూటర్ గాలి ఒత్తిడితో చేయిస్తుంది. క్లచ్ విడదీసి, న్యూట్రల్‌కి తెచ్చి, ఇంజిన్ వేగాన్ని కొత్త గేరుకి సరిపడా సర్ది, అప్పుడు గేరు వేస్తుంది. గేర్‌బాక్స్‌లోకి వెళ్లే షాఫ్ట్, బయటికొచ్చే షాఫ్ట్ ఎంత వేగంగా తిరుగుతున్నాయో సెన్సర్లు చెప్తాయి. లెక్క కుదరకపోతే కంప్యూటర్ గేరు వేయదు, వేస్తే పళ్లు పాడవుతాయి కాబట్టి.

మా ఊళ్లో లారీల కరెంటు పని చేసే ఒక పెద్దాయన వచ్చి ఈ వరసలో చూశారు.

మొదట ఫాల్ట్ కోడ్‌లు. చెరిపేసే ముందే రాసుకోవాలి. మాకు వచ్చింది వోల్టేజ్ తక్కువనే కోడ్.

రెండు, గాలి. గేజ్ చూసి, ట్యాంకుల్లో నీళ్లు వదిలి, పైపుల జాయింట్లకు సబ్బు నురగ రాశారు. లీకు లేదు.

మూడు, కరెంటు. ఇది 24 వోల్ట్‌ల బండి. ఇంజిన్ ఆపి చూస్తే బ్యాటరీలు 25 చూపించాయి, బాగానే ఉన్నట్టు. తర్వాత బ్యాటరీ నెగటివ్‌కీ ఛాసిస్‌కీ మధ్య మీటర్ పెట్టి స్టార్టర్ తిప్పమన్నారు. అక్కడ అర వోల్ట్ దాటకూడదట. మాకు ఒకటిన్నర! ఎర్త్ వైరు బోల్టు కింద తుప్పు. ఎత్తులో ఇంజిన్ ఊగినప్పుడల్లా కనెక్షన్ వదులయ్యేది.

నాలుగు, డేటా వైర్లు. ఇంజిన్ కంప్యూటర్, గేరు కంప్యూటర్ మెలేసిన రెండు వైర్ల మీద మాట్లాడుకుంటాయి. బ్యాటరీ కనెక్షన్ తీసి ఆ రెండిటి మధ్య కొలిస్తే 60 ఓమ్‌లు రావాలి. రెండు చివర్లా 120 ఓమ్‌ల రెసిస్టర్లు పారలల్‌గా ఉంటాయి. ఫస్ట్ ఇయర్‌లో మార్కుల కోసం బట్టీ పట్టిన ఫార్ములా అదే. 120 వస్తే ఒక రెసిస్టర్ గానీ, దాని దారి గానీ తెగినట్టు. మాది 60 వచ్చింది.

బోల్టు విప్పి, ఎమెరీ పేపర్‌తో రుద్ది, బిగించారు. మర్నాడు టిప్పర్ అదే ఎత్తు లోడుతో ఎక్కింది.

అన్నిసార్లూ వైరుదే తప్పని కాదు. ప్రతిసారీ ఒకే గేరులో గరగర శబ్దం, ఆయిల్‌లో ఇనుప రజను, క్లచ్ మాడిన వాసన ఉంటే షెడ్డువాళ్ల మాటే నిజం కావచ్చు. కానీ దించే ముందు ఈ నాలుగూ చూడమనండి.

ఇంకోటి, ఎత్తులో న్యూట్రల్‌లో ఆగితే వెనక్కి జారనివ్వకూడదు. ముందు బ్రేకు, తర్వాత హ్యాండ్ బ్రేకు, దిగి చక్రాల కింద దిమ్మలు. కోడ్ సంగతి ఆ తర్వాత. ఇది మాత్రం బాబాయి రాయమన్నాడు.